మేధావి టెంట్ హౌస్ వారి కొత్త వేదిక

మల్లెలకుదురులో తెలివిని బోర్డు మీద రాయించుకున్న ఇల్లు ఒక్కటే ఉంది. బస్టాండు వెనక సందులో ఆకుపచ్చ రేకు మీద పసుపు అక్షరాలతో "మేధావి టెంట్ హౌస్" అని కనిపిస్తుంది. దాని కింద "మాట అంటే మాటే" అని ఇంకో ముక్క. ఆ రెండో ముక్క అక్షరాలా నిజం. ఆ ఇంట్లో మాట అంటే మాటే, దానికి ఇంకో అర్థం ఉండదు.

ఇంటికి పెద్ద వీరభద్రయ్య. అతని తమ్ముడు కోటిలింగం. వీరభద్రయ్య భార్య నాంచారమ్మ. ఉన్నది ముగ్గురే అయినా, ఊళ్ళో ఉన్న తెలివిలో ముప్పాతిక తమ ఇంట్లోనే ఉందనీ, మిగిలిన పాతిక ఊరంతా కలిసి పంచుకుంటోందనీ వాళ్ళకు గట్టి నమ్మకం. ఒకసారి పెళ్ళివారెవరో "మబ్బు పట్టింది, కాస్త టెంటు చూసుకోండయ్యా" అన్నారు. అంతే, అన్నదమ్ములిద్దరూ చెరో కుర్చీ వేసుకుని టెంటును చూస్తూ కూర్చున్నారు. గాలి వచ్చింది, గుంజలు ఊగాయి, తాళ్ళు తెగాయి, టెంటు లేచి వెళ్ళి చెరకుతోటలో పడింది. రెప్ప వేయకుండా చూశారు. పెళ్ళివారు తిట్టిపోస్తుంటే "ఎక్కడ పడిందో వేలు పెట్టి చూపిస్తాం రండి, అంత బాగా చూసుకున్నాం" అన్నాడు కోటిలింగం.

ముగ్గురిలోనూ నాంచారమ్మ ఒక మెట్టు పైన. ఆమె పదో తరగతి పాసు. మూడుసార్లు తప్పి నాలుగోసారికి గట్టెక్కింది. "ఒక్కసారికే పాసైనవాళ్ళది ఒక్కసారి చదివిన చదువు. నాది నాలుగుసార్లు చదివిన చదువు" అంటుంది. ఆ సర్టిఫికెట్టుకు పటం కట్టించి, దేవుళ్ళ వరసలో వేలాడదీసి, రోజూ ఓ మందారపువ్వు పెడుతుంది. ఆమెను గట్టెక్కించిన పుణ్యాత్ముడు లెక్కల మాస్టారు పట్టాభిరామయ్యగారు. ఆయన పేరు చెబితే నాంచారమ్మ కూర్చున్నది కాస్తా లేచి నిలబడుతుంది, ఫోనులో చెప్పినా సరే.

పదో తరగతి పాసు కాబట్టి కంప్యూటరు ముట్టుకునే హక్కు ఆ ఇంట్లో ఆమె ఒక్కదానిదే. పదిహేనేళ్ళ నాటి పెట్టె అది. ఏ పార్టీకి ఏ రోజు ఏ కార్యం, ఎన్ని కుర్చీలు, ఎన్ని డేగిసాలు అన్నీ దాంట్లోనే ఉంటాయి. కార్యాల పేర్లు రాయక్కర్లేదు, అంకె కొడితే చాలు. ఒకటి అంటే పెళ్ళి, రెండు అంటే సీమంతం, మూడు అంటే సన్మానం, నాలుగు అంటే పెద్దకర్మ.

ఒక ఆదివారం పొద్దున్నే పట్టాభిరామయ్య మాస్టారు కర్ర పట్టుకుని తనే నడిచి వచ్చారు.

"నాంచారమ్మా, వచ్చే ఆదివారం పది గంటలకు హైస్కూలు ఆవరణలో శిష్యులంతా కలిసి నాకు సన్మానం చేస్తారట. వద్దంటే వినరు. టెంటు మాత్రం మా నాంచారమ్మే వేయాలన్నాను. పిల్లాజెల్లా లేనివాణ్ణి, నాకు జరిగే పెళ్ళీ పేరంటమూ ఇదే అనుకో. నా పరువు నీ చేతుల్లో పెడుతున్నానే."

నాంచారమ్మ రెండు చేతులూ చాపింది. కాసేపు చూసి, "ఇంకా ఏమీ పెట్టలేదు మాస్టారూ" అంది.

మాస్టారు ముప్పై ఏళ్ళు ఆ ఊరి పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. ఓపికకు ఆయన పెట్టింది పేరు. "పెట్టాననుకో అమ్మా" అని వెళ్ళిపోయారు. నాంచారమ్మ చాపిన ఆ చేతులు దించకుండానే వెళ్ళి, మోచేత్తో మూడు అంకె కొట్టింది. ఈ సన్మానం మాత్రం ఊరు పది కాలాలు చెప్పుకునేలా చేయాలని ఆ క్షణమే ఒట్టు పెట్టుకుంది. తన కోసం ఊళ్ళో ఎవరైనా నాలుగుసార్లు కష్టపడ్డారంటే అది ఆయనొక్కరే.

సోమవారం హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. కంప్యూటరులో ఆ సాఫ్ట్‌వేరు పెట్టిన కంపెనీవాళ్ళు. మాట్లాడిన పిల్ల పేరు మృదుల. ఊళ్ళవాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడొద్దని వాళ్ళ కంపెనీలో ఆర్డరట, అందుకని అచ్చ తెలుగులో మొదలుపెట్టింది.

"అమ్మా, మీ పాత సాఫ్ట్‌వేరుకు నూకలు చెల్లిపోయాయండీ. ఈ వారంలో..."

"అయ్యో, ముందే చెప్పొద్దూ!" అని నాంచారమ్మ ఫోను బల్ల మీద పడేసి వంటింట్లోకి పరుగెత్తింది. ఇంకేముంది, మానికెడు నూకలు తెచ్చి పాత పెట్టె కన్నాల్లోంచి గుప్పిళ్ళతో పోసింది. పెట్టె గరగరమంది.

"నములుతోంది వదినా!" అన్నాడు కోటిలింగం కళ్ళు తుడుచుకుంటూ. "పాపం, ఎన్నాళ్ళ ఆకలో!"

"ఇప్పుడు ఉన్నాయమ్మా" అంది నాంచారమ్మ ఫోనులో. "ఇంకా కావాలంటే బస్తాడున్నాయి."

మృదులకు అర్థం కాలేదు. అర్థం కానివన్నీ అడుగుతూ కూర్చుంటే ఆమెకు రోజు గడవదు. అందుకని తన మాట తను చెప్పుకుపోయింది. "మీ పాతదాంట్లో ఉన్నదంతా కొత్త వేదిక మీదికి తరలించాలండీ. అందరూ ఈ వారంలోనే తరలాలి."

ఫోను పెట్టేసి ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వేదిక వేయడం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. ఆ మాత్రానికి హైదరాబాదు నుంచి బతిమాలాలా? మంగళవారం మధ్యాహ్నానికల్లా పెరట్లో పదహారడుగుల కొత్త వేదిక లేచింది, కొత్త చెక్కలతో, ఎర్ర తివాచీతో. ఇక తరలింపు. మగపెళ్ళివారు తరలివచ్చినట్టే ఉండాలి కదా అని వీరభద్రయ్య సన్నాయి పిలిపించాడు. పాత పెట్టెకు బొట్టు పెట్టి, పెళ్ళికొడుకు కూర్చునే సింహాసనం మీద కూర్చోబెట్టి, సందు చుట్టూ మూడుసార్లు తిప్పి వేదిక ఎక్కించారు. అక్షింతలు వేశారు. అక్షింతలు కూడా కన్నాల్లోంచి లోపలికే పోయాయి. ఫోటో తీసి మృదులకు పంపారు.

ఫోటో చూసి మృదుల వెంటనే ఫోను చేసింది.

"అమ్మా" అంది, "వేదిక అంటే చెక్కలది కాదండీ. కొత్త కంప్యూటరు ఒకటి పంపుతున్నాం, అంతా అందులోనే ఉంటుంది. మీకు దండం పెడతాను, దయచేసి మీ సొంత తెలివి వాడకండి. నేను ఏది చెబితే అది, చెప్పింది చెప్పినట్టు చేయండి చాలు."

ఆ మాట ముగ్గురికీ గుచ్చుకుంది. తెలివి ఉన్నవాళ్ళను పట్టుకుని దాన్ని వాడొద్దంటే ఎంత బాధ! కానీ మాట అంటే మాటే. ఈ వారం రోజులూ ఇంట్లో ఎవరూ తెలివి వాడకూడదని కట్టడి చేసుకున్నారు. అలవాటున పొరపాటుగా బయటికి వచ్చేస్తుందేమోనని కోటిలింగం తలకు తువాలు బిగించి కట్టుకున్నాడు.

బుధవారం కొత్త కంప్యూటరు దిగింది. నాంచారమ్మ దాని ముందు కూర్చుంది.

"పాతదాంట్లో ఏ అంకె ఉంటే ఆ అంకె, ఉన్నది ఉన్నట్టు, పొల్లు పోకుండా ఎక్కించండి" అంది మృదుల ఫోనులో. "ఇంకోటి. పని అయిన ప్రతిసారీ 'పార్టీ తృప్తి చెందారా' అని అడుగుతుంది. అవును అనో కాదు అనో నొక్కాలి. మూడు కాదులు పడ్డాయంటే మీ పేరు వేదిక మీంచి తీసేస్తారు. తర్వాత ఎవరికీ మీరు కనపడరు."

"ఎదురుగా నిలబడినా కనపడమా?" అని భయపడ్డాడు వీరభద్రయ్య.

నాంచారమ్మ ఒక్కొక్క అంకే కూడబలుక్కుంటూ ఎక్కించింది. ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఒకచోట ఆగింది. కొత్తదాంట్లో కార్యాలు నాలుగు కాదు, ఆరున్నాయి. అవీ అక్షరమాల వరుసలో. ఒకటి గృహప్రవేశం, రెండు పుట్టినరోజు, మూడు పెద్దకర్మ, నాలుగు పెళ్ళి, ఐదు సన్మానం, ఆరు సీమంతం. పాత మూడుకీ కొత్త మూడుకీ ఎక్కడో పొంతన కుదరనట్టు ఆమెకు ఒక అనుమానం తగిలింది. కానీ అనుమానం కూడా తెలివిలో భాగమే కదా! తెలివి వాడొద్దన్నారు. అనుమానాన్ని అక్కడే నొక్కేసి, మాస్టారి పేరు పక్కన పాతదాంట్లో ఉన్న మూడును తెచ్చి కొత్తదాంట్లో మూడుగానే పెట్టింది.

"శభాష్" అంది మృదుల. "శనివారం దాకా పాతదీ కొత్తదీ రెండూ పక్కపక్కనే నడవాలి. పార్టీలకు తేడా తెలియకూడదు."

అంతే, వీరభద్రయ్య పాతది అయ్యాడు, కోటిలింగం కొత్తది అయ్యాడు. పాత కంప్యూటరు చెప్పింది అన్న మోయాలి, కొత్తది చెప్పింది తమ్ముడు మోయాలి, ఇద్దరూ పక్కపక్కనే నడవాలి. తేడా తెలియకూడదన్నారు కాబట్టి ఇద్దరికీ ఒకే రకం చొక్కాలు. వీరభద్రయ్యకు బుర్రమీసం ఉంది, కోటిలింగానికి లేదు. నాంచారమ్మ కాటుకతో మరిదికి బుర్రమీసం దిద్దింది. ఎండకు అది కారి గడ్డం కూడా అయింది.

గురువారం బుల్లెమ్మగారి కోడలికి సీమంతం. పాతది గాజుల పళ్ళాలూ పూల ఆర్చీ తెచ్చింది. కొత్తదాని ప్రకారం రెండు అంటే పుట్టినరోజు. ఇంకేముంది, కోటిలింగం బెలూన్లూ కేకు బల్లా టోపీలూ తెచ్చి పూల ఆర్చి పక్కనే పెట్టాడు. యాభై కుర్చీలు చెబితే పాతవి యాభై, కొత్తవి యాభై వచ్చాయి. పేరంటాళ్ళకు కూర్చోవడానికి కుర్చీలున్నాయి గాని కాళ్ళు పెట్టుకోవడానికి నేల లేదు.

"పుట్టినరోజేంటయ్యా, ఇంకా పుట్టందే!" అని మొత్తుకుంది బుల్లెమ్మగారు.

"మాకు తెలీదమ్మా" అన్నాడు కోటిలింగం. "కాస్త తొందరగా కానివ్వండి. బెలూన్లలో గాలి సాయంత్రం దాకానే ఉంటుంది."

తృప్తి చెందారా అంటే బుల్లెమ్మగారు చీపురు అందుకుంది. నాంచారమ్మ "కాదు" నొక్కింది.

శుక్రవారం పుల్లయ్య తాత భార్యకు పెద్దకర్మ. పాత నాలుగు పెద్దకర్మ. కొత్త నాలుగు పెళ్ళి. వీరభద్రయ్య తెల్ల షామియానా వేస్తుంటే దాని పక్కనే కోటిలింగం అరటిబోదెలు కట్టి, మండపం నిలబెట్టి, సింహాసనాలు వేశాడు. ఎనభై రెండేళ్ళ పుల్లయ్య తాత కొడుకు భుజం పట్టుకుని బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, మెల్లగా వెళ్ళి సింహాసనం మీద కూర్చున్నాడు.

"పిల్లది ఏ ఊరు?" అని అడిగాడు.

కొడుకులు ముగ్గురూ కలిసి అన్నదమ్ములను సందు చివరిదాకా తరిమారు. తాత మాత్రం దిగనన్నాడు. నాంచారమ్మ ఆలోచనలో పడింది. తృప్తి చెందారా అంటే తాత అవునంటున్నాడు, కొడుకులు ముగ్గురూ కాదంటున్నారు. ఒకటికి మూడు. రెండో "కాదు" పడింది.

ఆ సాయంత్రం నాంచారమ్మకు గుండెల్లో రాయి పడింది. నిజంగా పడిందేమోనని ఒకసారి తడుముకుని కూడా చూసుకుంది. ఇంకొక్క కాదు పడితే మేధావి టెంట్ హౌసు ఎవరికీ కనపడదు. మిగిలింది ఆదివారం మాస్టారి కార్యం. శనివారం మాస్టారు వచ్చి, "ముసలివాళ్ళు చాలామంది వస్తారే, కుర్చీలు గోడ నీడన వేయించు" అని చెప్పి వెళ్ళారు. ఆయన్ను చూస్తే ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది. ఫోను తీసి మృదులకు గోడు వెళ్ళబోసుకుంది.

"కంగారు పడకండి" అంది మృదుల. ఆమెకు ఇలాంటి టెంట్ హౌసులు నలభై ఉన్నాయి. "రికార్డుకీ పార్టీకీ తేడా వస్తే పార్టీతో మాట్లాడి సరిచేయండి. రేపు పొద్దున ఏడింటికి పాతది ఆపేస్తాం. అప్పటినుంచి కొత్తది చెప్పిందే వేదం. పాత మాట మరిచిపోండి."

ఆదివారం ఏడు గంటలకు పాత పెట్టె చివరిసారి గరగరమని ఆగిపోయింది. ముగ్గురూ గట్టిగా కళ్ళు మూసుకుని పాత మాటలన్నీ మరిచిపోయారు. కళ్ళు తెరిచి కొత్తదాన్ని చూశారు. పట్టాభిరామయ్య మాస్టారు, హైస్కూలు ఆవరణ, పది గంటలు, పెద్దకర్మ.

"అయ్యో మాస్టారూ!" అని నాంచారమ్మ నేల మీద కూలబడిపోయింది. "పోయారా! నాకు ఒక్క మాటైనా చెప్పకుండా పోయారా!"

"నిన్న వచ్చారు కదే?" అన్నాడు వీరభద్రయ్య.

ఎంతైనా లెక్కల మాస్టారి శిష్యురాలు. ఏడుస్తూనే వేళ్ళ మీద లెక్క కట్టింది. పెద్దకర్మ పదకొండో రోజు. అంటే నిన్న పదో రోజు. టెంటు చెప్పడానికి వచ్చిన ఆదివారం నాలుగో రోజు.

"పోయాక నాలుగో రోజున వచ్చి తన పెద్దకర్మకు తనే టెంటు చెప్పుకున్నారండీ! పిల్లలు లేరు కదా, ఎవరికీ భారం కాకూడదని. మళ్ళీ పదో రోజున, కట్టెల్లో కాలిపోయిన మనిషి, ముసలివాళ్ళకు ఎండ తగలకూడదని వచ్చి చెప్పి వెళ్ళారు. అలాంటి మనిషి మళ్ళీ పుడతాడా?"

కోటిలింగం తలకు కట్టుకున్న తువాలుతోనే కళ్ళు ఒత్తుకున్నాడు. అది దొంగ ఏడుపు కాదు. ముగ్గురూ వెక్కి వెక్కి ఏడ్చారు. కొడుకుల్లేని మాస్టారికి పిండం తామే పెట్టాలని నాంచారమ్మ స్నానం చేసి, తడిబట్టలతో అన్నం వండి, మూడు పిండాలు చేసి అరిటాకులో పెట్టుకుంది.

తొమ్మిదిన్నరకల్లా హైస్కూలు ఆవరణలో తెల్ల షామియానా లేచింది. గోడ నీడనే కుర్చీలు వేశారు, చెప్పింది చెప్పినట్టు. మధ్యలో మాస్టారి నిలువెత్తు ఫోటో, దానికి బంతిపూల దండ, ముందు దీపం, అగరొత్తులు. ప్రహరీ గోడ దగ్గర అరిటాకు, ఆకులో మూడు పిండాలు.

శిష్యులు శాలువాలూ పూలగుత్తులూ పట్టుకుని నవ్వుతూ గేటులోకి వచ్చారు. ఫోటో చూశారు, దండ చూశారు, నాంచారమ్మ ఏడుపు చూశారు. ఇంకేముంది, ఒకరిని చూసి ఒకరు భోరుమన్నారు. సన్మానసంఘానికి పెద్ద రంగనాథం. మండలాఫీసులో గుమాస్తా. అతను జేబులోంచి సన్మానపత్రం తీసి, "మాస్టారు ఉత్తములుగా ఉన్నారు, స్ఫూర్తిగా ఉన్నారు" అన్నచోటల్లా "ఉన్నారు" కొట్టేసి "ఉండేవారు" అని దిద్దాడు. మిగతాదంతా అలాగే సరిపోయింది.

"అందరూ లేచి మాస్టారి ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటించండి" అన్నాడు రంగనాథం మైకులో.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. కొత్త పంచె, కొత్త కండువా, చేతిలో కర్రతో పట్టాభిరామయ్య మాస్టారు దిగారు.

"ఏమర్రా, అందరూ అప్పుడే వచ్చేశారే!" అన్నారు. ఎవరూ పలకలేదు. "ఒరేయ్ రంగనాథం!" అన్నారు. రంగనాథం కళ్ళు పెద్దవి చేసి, మూతి మీద వేలు వేసి, గడియారం చూపించాడు. మాస్టారి చూపు ఫోటో మీద పడింది. "ఏమిట్రా ఇది? దండెవరు వేశారు? ఎవడైనా మాట్లాడండర్రా!" మాస్టారి కోసం పాటిస్తున్న మౌనం, మాస్టారు అడిగారని మధ్యలో ఆపుతారా? అందరూ చూస్తూనే నిలబడ్డారు. ఆ రెండు నిమిషాలూ ఆయన ఒక్కో శిష్యుడి మొహంలోకీ చూసుకుంటూ తిరిగారు. లెక్కలు చెప్పినన్నాళ్ళూ ఆ క్లాసు అంత నిశ్శబ్దంగా ఏనాడూ లేదు.

మౌనం అయిపోగానే నాంచారమ్మ పరుగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడింది. "మాస్టారూ! పదకొండో రోజు కూడా వచ్చారా!"

"నేను బతికే ఉన్నానే!"

"మీరు అంటున్నారు సరే. కొత్తది అలా అనడం లేదు మాస్టారూ" అంది నాంచారమ్మ బుజ్జగిస్తున్నట్టు. "దాంట్లో మీరు పోయారు. రికార్డుకీ పార్టీకీ తేడా వస్తే పార్టీతో మాట్లాడి సరిచేయమన్నారు. మీరు ఒప్పుకుంటే చాలు, చిటికెలో సరిపోతుంది."

వీరభద్రయ్య, కోటిలింగం చెరో పక్కనా నిలబడ్డారు, సరిచేయడానికి. మాస్టారు కర్ర ఎత్తి రెండడుగులు వెనక్కి వేశారు. "ఒరేయ్ రంగనాథం, నువ్వైనా చెప్పరా! ఆఫీసులో పనిచేసేవాడివి!"

రంగనాథం మెడ గోక్కున్నాడు. "మీరు ఉన్నట్టు నాకూ కనపడుతోంది మాస్టారూ. కానీ కంప్యూటర్లో లేరంటే ఎవరైనా ఏం చేస్తారు? మా ఆఫీసుకూ ఇలాగే రోజూ నలుగురు వస్తారు, బతికున్నామని. మేమూ రేపు రమ్మనే చెబుతాం."

అంతమంది శిష్యుల్లో ఒక్కడూ కాదనలేదు. వీళ్ళకా నేను ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పింది అన్నట్టు మాస్టారు ఎత్తిన కర్ర దించేశారు. ఆ మొహం నాంచారమ్మ చూడలేకపోయింది. ఆయన కోసమే మృదులకు ఫోను చేసింది. సంగతంతా విని మృదుల అటువైపు తల కొట్టుకుంది. ఆ చప్పుడు అందరికీ వినపడింది.

"అమ్మా, ఇది చాలా చిన్న పనండీ. మూడు తీసేసి ఐదు పెట్టండి, అంతే! అన్నీ సర్దుకుంటాయి."

"అంతేనా! మాస్టారూ, దిగులు పెట్టుకోకండి, దారి దొరికింది!" అని నాంచారమ్మ సంతోషంతో గోడ దగ్గరికి పరుగెత్తింది. అరిటాకులోంచి మూడు పిండాలు తీసేసింది. ఐదు పిండాలు చేసి పెట్టింది.

అందరూ గోడ వైపు చూశారు. కాకి ఒకటి వచ్చి గోడ మీద వాలింది. పిండాలకేసి చూసింది, మనుషులకేసి చూసింది, తల అటు తిప్పుకుంది. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. కాకి ముట్టలేదు. కాకి ముట్టలేదంటే పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయిందన్నమాట, వాళ్ళకు తృప్తి లేదన్నమాట. నాంచారమ్మ వేళ్ళు లెక్కపెట్టింది. మూడో కాదు! మాస్టారి కార్యానికే మూడో కాదు!

అప్పుడు ఆమెకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మిగతా ఇళ్ళల్లో పోయినవారి కోరిక ఏమిటో తెలియక కొడుకులు గింజుకుంటారు. ఇక్కడ ఆ బాధే లేదు, మాస్టారు పక్కనే ఉన్నారు.

"మాస్టారూ" అంది చేతులు జోడించి. "మీకేం కోరిక మిగిలిపోయిందో మీ నోటితో మీరే చెప్పండి. ప్రాణం అడ్డువేసైనా తీరుస్తాను."

పట్టాభిరామయ్య మాస్టారు పిండాలను చూశారు, కాకిని చూశారు, కాటుక మీసం కోటిలింగాన్ని చూశారు. ముప్పై ఏళ్ళ ఓపిక ఆయన మొహంలోంచి ఒక్కసారిగా దిగిపోయింది.

"ఒకటే ఉందే నాంచారమ్మా" అన్నారు. "నీకు నేను ఇప్పించిన ఆ పదో తరగతి సర్టిఫికెట్టు వెనక్కి తీసుకోవాలని ఉంది."

ఆ పటం నాంచారమ్మకు దేవుళ్ళతో సమానం. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. కానీ మాట అంటే మాటే. ఇంటికి వెళ్ళి, దేవుళ్ళ వరసలోంచి పటం తీసి, ఆ పొద్దుటి మందారం దాని మీద అలాగే ఉండగా తెచ్చి, మాస్టారి చేతుల్లో పెట్టింది. ఈసారి నిజంగానే పెట్టింది.

ఈలోపల జనమంతా ఆకలేసి ఆవరణ ఆ చివరనున్న వంటల పందిరి కిందికి జరిగారు. గోడ దగ్గర మనిషి లేడు. కాకి దబ్బున దిగి పిండం పొడిచింది. దాని వెనక ఇంకో నాలుగు దిగాయి.

"ముట్టింది వదినా, ముట్టింది!" అని గంతులేశాడు కోటిలింగం. "ఒకటి కాదు, ఐదూ తిన్నాయి!"

మృదుల ఇంకా ఫోనులోనే ఉంది. "అమ్మా, చివరిగా ఒక్క మాట. పార్టీ తృప్తి చెందారా? అవునా, కాదా?"

"అవునమ్మా! కాకే సాక్ష్యం" అంది నాంచారమ్మ కళ్ళు తుడుచుకుని. "కాకపోతే ఆ అవునేదో నువ్వే నొక్కెయ్యి తల్లీ. నేనిప్పుడు పదో తరగతి పాసు కాదు, కంప్యూటరు ముట్టుకోకూడదు."

మృదుల నొక్కింది. సర్టిఫికెట్టు పటం చంకలో పెట్టుకుని గేటు దాటుతున్న మాస్టారి జేబులో ఫోను టింగుమంది. ఆయన ఆగి, కళ్ళజోడు సవరించుకుని, పైకే చదివారు. "మీరు తృప్తి చెందినందుకు సంతోషం. మీ తదుపరి పెద్దకర్మకు కూడా మేధావి టెంట్ హౌస్‌నే ఎంచుకోగలరు."

"తప్పకుండా రండి మాస్టారూ!" అని గట్టిగా కేకేసింది నాంచారమ్మ వెనకనుంచి. "ఈసారి కుర్చీలు ఇంకా నీడన వేయిస్తాను!"